హిల్ క్లైంబ్ టైమ్ ట్రయల్: మీ సైకిల్ క్లబ్బే సొంతంగా పెట్టుకోవడం ఎలా

పెద్ద స్పాన్సర్ లేకుండా, ముప్ఫై మందితో, ఒక చిన్న క్లబ్బు సొంతంగా నడుపుకోగలిగిన సైకిల్ పోటీ ఏదైనా ఉందంటే నా లెక్కలో అది కొండెక్కే టైమ్ ట్రయలే. గుంపు రేసు పెడితే రోడ్డంతా మూయించాలి, ఒకరి చక్రం ఇంకొకరికి తగిలితే వెనకున్న పదిమందీ పడతారు. ఇక్కడ ఆ గొడవ లేదు. నిమిషానికి ఒకరు చొప్పున బయల్దేరతారు, ఎవరి టైము వాళ్లది. ఎక్కుడు కాబట్టి గంటకు ఇరవై కిలోమీటర్లు దాటేవాళ్లు అరుదు, పడినా మోకాలు గీసుకోవడంతో పోతుంది. అసలు ప్రమాదం పోటీ అయిపోయాక, మెడల్ ఫోటోలు కూడా దిగేశాక, అందరూ ఉత్సాహంగా కిందికి దిగేటప్పుడు మొదలవుతుంది. ఆ సంగతి మా క్లబ్బులో ఎవరికీ మొదటిసారి పోటీ రోజు పొద్దున దాకా తట్టలేదు. అందుకే కొండ దిగడం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఉదాహరణకి మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ తీసుకుంటున్నాను. పాతవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు, ఒకప్పటి కడప కలెక్టర్ హార్స్‌లీ పేరు తర్వాత వచ్చింది. ఎత్తు సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైనే. పైకి వెళ్లేదీ కిందికి వచ్చేదీ ఒకటే ఘాట్ రోడ్డు, చుట్టూ అడవి, పైన టూరిజం వాళ్ల రిసార్ట్. మీది వేరే కొండైనా పద్ధతి ఇదే.

కొండని ఎంచుకోవడం, కొలవడం

మా ఊళ్లో అంత పెద్ద కొండ లేదండీ అని కొందరు అంటుంటారు. ఇంగ్లండ్‌లో కాట్‌ఫర్డ్ అనే క్లబ్బు 1887లో మొదలుపెట్టిన హిల్ క్లైంబ్ ఇప్పటికీ పేరున్న పోటీ, దానికి వాడే యార్క్స్ హిల్ అర మైలు కూడా ఉండదు. కాబట్టి ఒకటిన్నర కిలోమీటరు ఎక్కుడున్న గుట్ట చాలు, రెండుసార్లు ఎక్కించి రెండు టైములూ కలిపితే సరి. పేరున్న కొండ కంటే ఖాళీగా ఉండే కొండ మేలు. తిరుమల ఘాట్ మీద ఆశ పెట్టుకోకండి. భక్తుల వాహనాలు తెరిపి లేకుండా తిరిగే రోడ్డు అది, అక్కడ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే ఆలోచనే తప్పు.

స్టార్ట్ లైన్ ఎక్కడ పెట్టాలో గూగుల్ మ్యాప్ చూసి తేల్చకండి, సైకిల్ మీదో స్కూటర్ మీదో స్వయంగా వెళ్లి చూడండి. ముప్ఫై సైకిళ్లు, నాలుగు కార్లు రోడ్డు మీదికి రాకుండా నిలబడే చోటు కావాలి. కింద జంక్షన్‌లో సరిగ్గా మలుపు దగ్గర గీత గీస్తే మెయిన్ రోడ్డు లారీలకి అడ్డం పడతారు, అందుకని రెండు మూడు వందల మీటర్లు లోపలికి జరగండి. ఫినిష్ లైన్ మాత్రం పార్కింగ్ స్థలానికి బాగా ముందే ఉండాలి. ఆఖరి యాభై మీటర్లు తల వంచుకుని తొక్కుతున్న మనిషికి ఎదురుగా కారు రివర్స్ అవుతుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గీత దాటాక ఊపిరి తీసుకోవడానికి, అవసరమైతే వాంతి చేసుకోవడానికి ఇంకో వంద మీటర్ల ఖాళీ ఉంచండి. నవ్వకండి, నిజంగానే అవుతుంది.

వాలు లెక్క తేలికే. ఎక్కిన ఎత్తుని దూరంతో భాగించి వందతో గుణించాలి. 8 కిలోమీటర్లలో 480 మీటర్లు ఎక్కితే సగటు 6 శాతం. ఇలాంటి కొండని బాగా ట్రైనింగ్ అయినవాళ్లు 26 నుంచి 30 నిమిషాల్లో ఎక్కేస్తారు, వారానికి ఒకసారి తొక్కేవాళ్లకి 40 నుంచి 45, కొత్తవాళ్లకి గంట. ఈ మూడు అంకెలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, మిగతా ప్లాన్ అంతా వీటి మీదే నడుస్తుంది.

అనుమతులు

రెండు నెలల ముందు మొదలుపెట్టండి. పోలీస్ స్టేషన్, రోడ్డు ఎవరిదైతే వాళ్లు (చాలాచోట్ల ఆర్ అండ్ బి), అడవి గుండా వెళ్తుంటే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు, పైన స్థలం టూరిజం శాఖదో దేవస్థానానిదో అయితే వాళ్లు, గ్రామ పంచాయతీ. అందరికీ ఒకే ఉత్తరం, తెలుగులో, ఒక పేజీ మించకుండా. తేదీ, ఏ టైము నుంచి ఏ టైము దాకా, ఎంతమంది, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, రోడ్డు మూయమని అడగట్లేదు, అంబులెన్స్ మేమే పెట్టుకుంటున్నాం, బాధ్యుడి పేరూ ఫోన్ నంబరూ. ఉత్తరం ఇచ్చి, అందినట్టు కాపీ మీద సంతకం, స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా ‘పర్లేదు, చేసుకోండి’ అన్న సారు పోటీ నాటికి బదిలీ అయిపోయి ఉంటే మీ చేతిలో ఏమీ ఉండదు.

‘రేస్’ అనే మాట వాడాలా వద్దా అని క్లబ్బుల్లో ఎప్పుడూ చర్చే. సైకిల్ ర్యాలీ అని రాస్తే త్వరగా ఒప్పుకుంటారని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. ర్యాలీ అని రాసి టైమ్ ట్రయల్ పెడితే, ఏదైనా జరిగిన రోజు ఆ కాగితం మీకు వ్యతిరేకంగానే పనికొస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాసి, ఒక్కొక్కరే వెళ్తారు, పైకి మాత్రమే, వేగం ఇంత అని ఆఫీసర్‌కి నోటితో వివరిస్తే చాలాసార్లు వాళ్లకీ భయం పోతుంది. ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని కలిసి ఆ ఒక్కరోజుకి గ్రూప్ ప్రమాద బీమా గురించి అడగండి, పాలసీ తీసుకునేటప్పుడు క్రీడా పోటీ అనే మాట అందులో ఉందో లేదో చదివి మరీ డబ్బు కట్టండి.

తేదీ, టైము

రాయలసీమలో ఫిబ్రవరి బాగుంటుంది. అక్టోబర్, నవంబర్‌లో ఈశాన్య రుతుపవనాల వాన, డిసెంబర్, జనవరిలో పొద్దున మంచు కమ్మేసి పది మీటర్ల అవతల మనిషి కనపడడు, ఏప్రిల్ వస్తే టూరిస్టులు. ఆదివారం పెట్టుకోండి, కానీ ఎనిమిదిన్నరకల్లా ముగించేయండి. రాత్రి పైన బస చేసినవాళ్లు టిఫిన్ తిని కార్లు కిందికి తీసేది తొమ్మిది తర్వాతే. ఆర్టీసీ బస్సు పొద్దున ఏ టైముకి ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో ముందే కనుక్కుని, డ్రైవర్లకి ఒక మాట చెప్పించండి. ఊళ్లో పెళ్లి ముహూర్తాలు, తిరునాళ్లు ఉన్నాయేమో పంచాంగం కూడా చూడండి. కొండ మీది గుడిలో ఉత్సవం ఉన్న రోజున పోటీ పెట్టుకుంటే తప్పు మనదే.

ఎంట్రీలు, స్టార్ట్ ఆర్డర్

మొదటి ఏడాది 30 మందికి మించి తీసుకోకండి. పేరు, వయసు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్, ఏ సైకిల్, ఇంతకుముందు కొండలెక్కిన అనుభవం, ఈ కొండని ఎంతసేపట్లో ఎక్కగలననుకుంటున్నారో వాళ్ల అంచనా. ఆఖరిది తప్పనిసరిగా అడగండి. నలభై ఐదు దాటినవాళ్లని ఈమధ్య గుండె పరీక్ష చేయించుకున్నారా అని మొహమాటపడకుండా అడగాలి. పూర్తి శ్రమతో అరగంట పైన ఎక్కడం అంటే శరీరానికి మామూలు రైడ్ కాదు. పద్దెనిమిది లోపు పిల్లలకి తల్లిదండ్రుల సంతకం.

కేటగిరీలు ఎక్కువ పెడితే ముప్ఫై మందికి ముప్ఫై కప్పులు కొనాల్సి వస్తుంది. మగవాళ్లు, ఆడవాళ్లు, నలభై దాటినవాళ్లు, గేర్లు లేని సైకిళ్లు, చాలు. గేర్లు లేని సైకిల్ కేటగిరీని తీసిపారేయకండి, జనం ఎక్కువ అరిచేది వాళ్ల కోసమే. పాలబ్బాయి సైకిల్ లాంటి దాని మీద కొండెక్కే కుర్రాణ్ణి చూస్తే లక్షల ఖరీదు సైకిళ్ల వాళ్లు నోరు మూసుకుంటారు.

ఇప్పుడు ఎవరు ముందు బయల్దేరాలి అన్న ప్రశ్న. మొదటిసారి మేము చాలా తెలివిగా ఆలోచించామనుకుని, అందరికంటే నెమ్మదిగా ఎక్కేవాళ్లని ముందు, ఆ తర్వాత క్రమంగా వేగం ఎక్కువున్నవాళ్లని, ఆఖర్న ఛాంపియన్లని పంపాం. లెక్క వేసి చూడండి. ఒకటో నంబరు 6:46కి బయల్దేరి గంట తీసుకుంటే 7:46కి చేరతాడు. ముప్ఫయ్యో నంబరు 7:15కి బయల్దేరి 28 నిమిషాల్లో ఎక్కితే 7:43కి చేరతాడు. మధ్యలోవాళ్లూ అంతే! దాదాపు గంట సేపు ఫినిష్ దగ్గర ఈగ కూడా వాలలేదు, తర్వాత ఐదారు నిమిషాల్లో అందరూ ఒక్కసారిగా, ముగ్గురేసి నలుగురేసి గీత దాటేశారు. టైము రాసే పిల్ల పెన్ను కిందపడేసి ఏడుపు మొహం పెట్టింది. తప్పు ఆ పిల్లది కాదు, స్టార్ట్ లిస్ట్ తయారుచేసిన నాది.

పోనీ వేగంగా ఎక్కేవాళ్లని ముందు పంపితే వాళ్లు పైన చలిలో గంట కూర్చోవాలి. అందుకని ఇప్పుడు చేసేది ఇదీ. బాగా నెమ్మదిగా ఎక్కే ఆరేడుగురు ముందు. తర్వాత మధ్యస్థులందరికీ చీటీలు వేసి కలిపేయడం. గట్టి పోటీదారుల్ని వరుసగా కాకుండా 10, 20, 30 నంబర్లలో పెట్టడం. ఇది బ్రిటిష్ టైమ్ ట్రయల్స్‌లో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు, ఇద్దరు సమ ఉజ్జీలు ఒకరి వెనక ఒకరు దొరక్కుండా ఉండటానికి పనికొస్తుంది.

టైమింగ్

టైము దానంతటదే నమోదు చేసే చిప్పులు, మ్యాట్లు అద్దెకి తేవక్కర్లేదు. స్టాప్‌వాచ్ అసలు వాడకండి. గంట, నిమిషం, సెకను చూపించే మామూలు గడియారం వాడండి, స్టార్ట్ దగ్గర రెండు, ఫినిష్ దగ్గర రెండు. నాలుగింటినీ పొద్దున కింద ఒకే చోట పక్కపక్కన పెట్టి సెకను తేడా లేకుండా కలపండి, వీడియో తీసుకోండి, తర్వాత రెండు పైకి వెళ్లిపోతాయి. స్టాప్‌వాచ్‌తో ఇబ్బంది ఏంటంటే ఎవరో చేయి తగిలి ఆపేస్తారు, లేదా రీసెట్ చేస్తారు, అంతే, పోటీ మొత్తం పోయినట్టే. నడిచే గడియారాన్ని ఎవరూ పాడుచేయలేరు.

నంబరే బయల్దేరే నిమిషం కావాలి. పోటీ 6:45కి మొదలనుకోండి, ఒకటో నంబరు 6:46:00కి, ఇరవై మూడో నంబరు 7:08:00కి. ఆ రైడర్ పైన 7:41:37కి గీత దాటితే అతని టైము 33 నిమిషాల 37 సెకన్లు. నంబరు చూస్తే చాలు, స్టార్ట్ టైము నోటికొచ్చేస్తుంది, పైనుంచి కిందికి ఫోన్ చేసి అడగాల్సిన పని లేదు. అన్నట్టు ఘాట్ రోడ్డులో సిగ్నల్ ఉంటుందని నమ్మి ఏ ప్లానూ వేయకండి.

ఆలస్యంగా స్టార్ట్‌కి వచ్చినవాడి టైము కూడా అతనికిచ్చిన నిమిషం నుంచే మొదలవుతుంది. టాయిలెట్ క్యూలో ఉన్నాను సార్, పంక్చర్ సార్, అన్నీ నిజమే అయ్యుండొచ్చు. ఒక్కరికి సడలిస్తే మిగతా అందరూ అడుగుతారు, కాబట్టి ముందు రోజే వాట్సాప్ గ్రూపులో ఈ రూలు పెట్టేయండి.

ఫినిష్ దగ్గర ముగ్గురు కావాలి. ఒకరు ముప్ఫై మీటర్ల కిందే నిలబడి వస్తున్న నంబరు గట్టిగా చెప్పాలి, ఒకరు ముందు చక్రం గీతని తాకగానే టైము చదవాలి, ఇంకొకరు కాగితం మీద రాయాలి. ఫోన్‌లో కాదు, కాగితం మీదే. రెండో గడియారాన్ని కెమెరాకి కనపడేలా పెట్టి గీతని మొదట్నుంచీ చివరిదాకా వీడియో తీయండి. సందేహం వచ్చినప్పుడు ఆ వీడియోనే దేవుడు. నంబరు ఒకటి నడుముకి వెనక, ఇంకొకటి హ్యాండిల్‌కి ముందు. పిన్నీసులు మనిషికి నాలుగు చొప్పున లెక్కేసి, ఇంకో యాభై ఎక్కువ కొనండి, ఎందుకో ఎప్పుడూ తక్కువే పడతాయి.

రైడ్ రికార్డ్ చేసే ఫోన్ యాప్ స్ట్రావా ఉందిగా, ఇదంతా ఎందుకు అంటారు కొందరు. స్ట్రావా బాగుంటుంది, కానీ జీపీఎస్ మలుపుల్లో, కొండ నీడలో పక్కకి జరుగుతుంది, సెగ్మెంట్ (యాప్ టైము కొలిచే రోడ్డు ముక్క) మొదలయ్యే చోట రెండు మూడు సెకన్ల తేడా మామూలే. మొదటి, రెండో స్థానాల మధ్య తేడా కూడా అంతే ఉండొచ్చు. కాగితం పోతే ఆదుకోవడానికి మాత్రం అందరినీ రికార్డ్ చేసుకోమనండి.

మలుపులు, మనుషులు

ముందు రోజు సాయంత్రం చీపుర్లు తీసుకుని వెళ్లండి. మలుపుల్లో లోపలి వైపు పేరుకున్న ఇసుక, కంకర, ఎండుటాకులు ఊడ్చేయాలి. ఎక్కేవాళ్లకంటే దిగేవాళ్లకి ఇది ప్రాణంతో సమానం. ఎదురుగా వచ్చేది కనపడని ప్రతి మలుపు దగ్గరా ఒక వాలంటీర్, రేడియం జాకెట్, విజిల్. వాలంటీర్‌కి బండ్లు ఆపే అధికారం లేదు, నెమ్మదిగా రమ్మని చెయ్యి ఊపడమే వాళ్ల పని. ఎవరైనా కారు దిగి వాదనకి వస్తే నవ్వి ఊరుకోమని గట్టిగా చెప్పండి. వాలంటీర్లకి నీళ్లు, బిస్కెట్లు ఇవ్వండి గానీ కోతులకి కనపడకుండా దాచుకోమనండి. ఇద్దరు స్కూటర్ల మీద పైకీ కిందికీ తిరుగుతూ ఉంటే వాళ్లే మీ వైర్‌లెస్.

అంబులెన్స్ స్టార్ట్ దగ్గర కాదు, దారి మధ్యలో కాస్త వెడల్పున్న చోట, ముందు వైపు కిందికి ఉండేలా. 108 ఉంది కదా అని వదిలేయకండి, హార్స్‌లీ హిల్స్ నుంచి మదనపల్లె సుమారు 30 కిలోమీటర్లు. ఒక ప్రైవేట్ అంబులెన్స్ రెండు గంటలకి మాట్లాడుకోవడం ఈ పోటీలో మీరు పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది. కప్పులు చిన్నవైనా ఫర్వాలేదు.

బయల్దేరే చోట

ఐదున్నరకి రిపోర్టింగ్. హెల్మెట్ లేకపోతే స్టార్ట్ లేదు, రెండు బ్రేకులూ పనిచేయకపోతే స్టార్ట్ లేదు. బ్రేకులెందుకు, ఎక్కడమే కదా అని వాదించే మహానుభావుడు ఒకడు తప్పకుండా తగులుతాడు. ఎక్కినవాడు దిగాలి కదా!

సీటు వెనక పట్టుకుని నిలబెట్టే మనిషి ఒకరు ఉండాలి, నెట్టకూడదు, వదిలేయాలంతే. ముప్ఫై సెకన్లు, పది, ఐదు నుంచి ఒకటి దాకా గట్టిగా లెక్కబెట్టండి. ముందువాణ్ణి అందుకున్నప్పుడు వెనకే అంటుకుని రాకూడదన్న రూలు చదివి వినిపించండి. అంతర్జాతీయ రూలు ప్రకారమైతే పక్కకి రెండు మీటర్లు, వెనక్కి ఇరవై ఐదు మీటర్లు వదలాలి. ఏటవాలు ఎక్కువున్న చోట అంటుకున్నా పెద్దగా లాభం ఉండదు, వేగం తక్కువ కాబట్టి గాలి అడ్డు తక్కువ, కానీ మూడు నాలుగు శాతం వాలులో బాగానే కలిసొస్తుంది. కొత్తవాళ్లకి ఒక్క సలహా చాలు: మొదటి కిలోమీటరు మరీ తేలిగ్గా ఉందేంటి అనిపించేలా తొక్కమనండి.

దిగడం

మొదటి ఏడాది ఏం జరిగిందంటే, చెమటతో తడిసిన బట్టలతో అందరూ పైన గాలిలో వణుకుతూ నిలబడ్డారు, జాకెట్లన్నీ కింద కార్లలో ఉన్నాయి. చలికి ఆగలేక ఒక్కొక్కరే చెప్పాపెట్టకుండా కిందికి దిగడం మొదలుపెట్టారు, అప్పటికి ఇంకా నలుగురు రైడర్లు ఎక్కుతూనే ఉన్నారు. వేళ్లు బిగుసుకుపోయి బ్రేకు సరిగ్గా పట్టలేక ఒకతను మలుపులో రోడ్డు దాటి పొదల్లోకి వెళ్లిపోయాడు. పొదలు ఉండబట్టి సరిపోయింది.

అప్పట్నుంచి మా రూలు మారదు. బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ జాకెట్, గ్లవ్స్, ఒక టవల్ ఉన్న సంచి మీద నంబరు రాసి ఇస్తారు, ఒక వ్యాన్ వాటిని పైకి చేరుస్తుంది. గీత దాటగానే సంచి, వేడి టీ. ఆఖరి రైడర్ పైకి చేరేదాకా ఒక్క సైకిల్ కూడా కిందికి కదలదు, కదిలితే ఫలితాల్లో పేరుండదు. పేరు కొట్టేయడం అంటే నిజంగా కొట్టేయాలి, మేం ఒకసారి మూడో స్థానం వచ్చినవాడి పేరే తీసేశాం, తర్వాత ఎవరూ ప్రయత్నించలేదు.

దిగేటప్పుడు ఆరుగురేసి గుంపులు, ముందు స్కూటర్ మీద ఒక వాలంటీర్, ఆ స్కూటర్‌ని దాటకూడదు. గంటకు ముప్ఫై చాలు. వదిలేస్తే ఆరు శాతం వాలులో యాభై అరవై తేలిగ్గా వచ్చేస్తుంది, ఆ వేగంలో ఎదురుగా జీపు మలుపు తిరిగితే చేసేదేం లేదు. చక్రం అంచుని (రిమ్‌ని) పట్టి ఆపే రిమ్ బ్రేకులున్నవాళ్లు అదేపనిగా నొక్కి పట్టకుండా, మలుపుకి ముందు గట్టిగా నొక్కి వదలాలి. రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలిపోయే ప్రమాదం ఉంటుంది, కార్బన్ రిమ్ములైతే వేడికి రిమ్మే దెబ్బతినొచ్చు. అలాంటి చక్రాలున్నవాళ్లనీ, కాళ్లు పట్టేసినవాళ్లనీ, కొత్తవాళ్లనీ మొహమాటం లేకుండా వ్యాన్ ఎక్కించండి. దిగడానికి బహుమతి లేదు.

మలుపుల్లో వాలంటీర్లు అప్పటిదాకా అక్కడే ఉండాలి. పోటీ అయిపోయిందని వాళ్లు కూడా ఫోటోల కోసం పైకి వచ్చేయడం అన్నిచోట్లా జరిగేదే, మందలించండి. కింద స్టార్ట్ లిస్ట్ పట్టుకుని ఒకరు దిగిన ప్రతి నంబరుకీ టిక్కు పెట్టాలి. ముప్ఫై టిక్కులు పడ్డాకే అంబులెన్స్‌ని పంపించేయాలి.

ఫలితాలు, డబ్బు

టైములు నిండు సెకన్లలో చాలు, చేత్తో తీసిన టైముకి దశాంశాలు రాయడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఇద్దరికి ఒకే సెకను వస్తే ఇద్దరికీ అదే స్థానం. కింద ఇడ్లీ, వడ తింటుండగా జాబితా గోడకి అంటించి, అరగంట అభ్యంతరాలకి ఇచ్చి, ఆ తర్వాతే బహుమతులు.

మనిషికి 500 పెడితే ముప్ఫై మందికి 15,000. అందులో అంబులెన్స్, వ్యాన్ డీజిల్, బీమా, నంబర్లు, టిఫిన్, వాలంటీర్లకి టీషర్టులు. మిగిలితే కప్పులు. నగదు బహుమతి పెట్టకండి, పెట్టిన రోజు నుంచి ఊరు కాని ఊరి నుంచి వచ్చినవాళ్లు సెకన్ల కోసం గొడవపడతారు, మీ క్లబ్బువాళ్లు పక్కకి జరిగిపోతారు. కావాలంటే తన అంచనా టైముకి అందరికంటే దగ్గరగా ఎక్కినవాళ్లకి ఒక బహుమతి పెట్టండి. మా దగ్గర అది రెండుసార్లూ యాభై దాటినవాళ్లకే వచ్చింది, కుర్రాళ్లు తమ గురించి మరీ గొప్పగా రాసుకుంటారు మరి.

రోడ్డు మీది సుద్దగీతలు, బాణం గుర్తుల కాగితాలు, అరటితొక్కలు, నీళ్ల సీసాలు ఆ రోజే తీసేయండి, ఫారెస్ట్ వాళ్లు వచ్చే ఏడు ఉత్తరం చదివేటప్పుడు మొదట గుర్తుచేసుకునేది దాన్నే. టైముల కాగితం జాగ్రత్తగా ఫైల్లో పెట్టండి. వచ్చేసారి ఎవర్ని ముందు పంపాలో, ఎవర్ని పదో నంబరులో పెట్టాలో వాళ్ల అంచనాల్ని నమ్మక్కర్లేదు, ఈ కాగితం తీసి చూస్తే సరిపోతుంది.